నాలుగో ట్రక్కు కొనే ముందు

చిన్న భూగర్భ గనుల్లో ఉత్పత్తి పెంచాలంటే కొత్త యంత్రం కన్నా ముందు కావలసినవి ఒక గడియారం, ఒక నోటుపుస్తకం

భూమికి 170 మీటర్ల లోతున ఒక చిన్న గని ఉందనుకోండి. పేల్చిన రాయిని ఎత్తిపోయడానికి ఒక లోడర్, దాన్ని వాలుదారిలో పైకి మోయడానికి మూడు ట్రక్కులు ఉన్నాయి. షిఫ్టు ముగిశాక లెక్క చూస్తే అనుకున్నదానికన్నా ఏడు ట్రిప్పులు తక్కువ వచ్చాయి. లోడర్ ఆపరేటర్‌ని పిలిచి అడిగితే "ట్రక్కులు రాలేదు సార్, చాలాసేపు ఖాళీగానే ఉన్నా" అంటాడు. ట్రక్కు డ్రైవర్లను అడిగితే "లోడర్ దగ్గర లైన్లో నిలబడ్డాం సార్" అంటారు. వినేవారికి ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారనిపిస్తుంది. నిజానికి ఇద్దరూ ఉన్నదే చెబుతూ ఉండవచ్చు.

ఇలాంటప్పుడు ఆఫీసు గదిలో తేలిగ్గా తోచే పరిష్కారం ఇంకో ట్రక్కు తెప్పించడం. లోడర్ ఖాళీగా ఉంటోంది కాబట్టి ట్రక్కులు చాలడం లేదన్నది అందులోని తర్కం. చూడ్డానికి సూటిగానే ఉంది. కానీ చిన్న భూగర్భ గనిలో ఈ తర్కం దారి తప్పించే ప్రమాదం ఉంది. నాలుగో ట్రక్కు తెచ్చే లాభం కన్నా, ఉన్న మూడింటి రాకపోకల్లో ఒడిదుడుకులు తగ్గిస్తే వచ్చే లాభం ఎక్కువ కావచ్చు. పైగా నాలుగో ట్రక్కు ఖర్చు కొనుగోలు బిల్లుతో ఆగదు. లోపల పనిచేసే మనుషులు పీల్చే గాలి దాకా వెళ్తుంది.

ఇప్పుడే ఎందుకు ఆలోచించాలి

2023లో కేంద్ర ప్రభుత్వం 30 కీలక ఖనిజాల జాబితా ప్రకటించింది. 2025 జనవరిలో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు ఆమోదం తెలిపింది. టంగ్‌స్టన్ లాంటి కొన్ని ఖనిజాలు రాతి మధ్య సన్నని పొరలుగా, చీలికలుగా దొరుకుతాయి. వాటి కోసం పైనున్న నేలంతా తవ్విపోసి ఓపెన్‌కాస్ట్ గని తెరవడం అన్నిచోట్లా గిట్టుబాటు కాదు, అడవులూ పొలాలూ ఉన్నచోట కుదరదు కూడా. అలాంటి చోట మిగిలే దారి చిన్న భూగర్భ గని. అంటే రోజుకు కొన్ని వందల టన్నులు తీసే, ఒకటి రెండు లోడర్లతో నడిచే గనుల గురించి దేశం ముందుకన్నా ఎక్కువగా ఆలోచించాల్సి ఉంటుంది.

చిన్న గని బతుకు టన్నుకు అయ్యే ఖర్చు మీద ఆధారపడి ఉంటుంది. కోలార్ బంగారు గనులను 2001 ఫిబ్రవరి 28న మూసివేసినప్పుడు లోపల బంగారం పూర్తిగా అయిపోలేదు. లోతు పెరిగి, రాతిలో బంగారం శాతం తగ్గి, తీసే ఖర్చు వచ్చే ధరను దాటిపోయింది. తరతరాలుగా అక్కడ పనిచేసిన తెలుగు, తమిళ కుటుంబాలకు ఆ లెక్క అర్థం ఏమిటో వివరించనక్కర్లేదు.

తెలుగు నేలకూ ఈ విషయం దూరమైనది కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజం ఏటవాలుగా ఉన్న సన్నని పొరల్లో ఉంది. అక్కడ వాలుదారుల ద్వారా లోపలికి వెళ్లి తవ్వుతారు, ఖనిజాన్ని కన్వేయర్ బెల్టు పైకి తెస్తుంది. సింగరేణి భూగర్భ గనుల్లో లోడర్లు బొగ్గును ఎత్తి బెల్టు దాకా మోసి పోస్తాయి. అక్కడ ట్రక్కు ఉండదు గానీ ప్రశ్న అదే. ఎత్తే యంత్రానికీ మోసే ఏర్పాటుకూ జోడీ కుదిరిందా లేదా? ట్రక్కులతో నడిచే గనిలో ఈ ప్రశ్న మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక లోడర్, మూడు ట్రక్కులు

భూగర్భ గనుల్లో వాడే లోడర్‌ని ఎల్‌హెచ్‌డీ అంటారు. ఎత్తడం, మోయడం, పోయడం మూడూ చేస్తుంది కాబట్టి ఆ పేరు. సొరంగం కప్పు తగలకుండా ఎత్తు తక్కువగా, పొడుగ్గా ఉంటుంది, నడుం దగ్గర వంగి మలుపు తిరుగుతుంది. రాయి పడి ఉన్న చోటు నుంచి బకెట్ నింపుకుని, కాస్త దూరంలో ఉన్న లోడింగ్ స్థలానికి వచ్చి ట్రక్కులో పోస్తుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు తీసుకోవచ్చు. ఇవి ఏ ఒక్క గనివీ కావు, కానీ చిన్న గనుల్లో కనిపించే స్థాయిలోనివే. బకెట్‌కు సుమారు 7 టన్నులు, ట్రక్కుకు 20 టన్నులు. ఒక్కో బకెట్‌కు రెండున్నర నిమిషాలు, ట్రక్కు సరిగ్గా వెనక్కి వచ్చి నిలబడడానికి అర నిమిషం. మూడు బకెట్లతో ట్రక్కు నిండడానికి మొత్తం 8 నిమిషాలు. వాలుదారి పొడవు 1.2 కిలోమీటర్లు, ప్రతి ఏడు మీటర్లకూ ఒక మీటరు ఎత్తు. నిండిన ట్రక్కు గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పైకి ఎక్కడానికి 9 నిమిషాలు, పోయడానికి ఒకటిన్నర, ఖాళీగా గంటకు 13 కిలోమీటర్లతో దిగడానికి ఐదున్నర. అంటే లోడర్‌ని వదిలి వెళ్లిన ట్రక్కు 16 నిమిషాలకు తిరిగి వస్తుంది. నింపే సమయం కలిపితే ఒక చుట్టు 24 నిమిషాలు.

24ను 8తో భాగిస్తే 3. మూడు ట్రక్కులుంటే లోడర్‌కు ఖాళీ ఉండదు, ట్రక్కుకు ఎదురుచూపు ఉండదు. ఒకటి నిండుతుంటే ఒకటి ఎక్కుతుంటుంది, ఇంకోటి దిగుతుంటుంది. ఈ సంబంధాన్నే గనుల ఇంజనీర్లు మ్యాచ్ ఫ్యాక్టర్ అంటారు. 1968లో మోర్గన్, పీటర్సన్ అనే ఇద్దరు ఇంజనీర్లు దీన్ని ఒక చిన్న సూత్రంగా రాశారు. ట్రక్కుల సంఖ్యను నింపే సమయంతో గుణించి, దాన్ని లోడర్ల సంఖ్య, ట్రక్కు చుట్టు సమయాల లబ్ధంతో భాగించాలి. 1 వస్తే జోడీ కుదిరినట్టు. అంతకన్నా తక్కువైతే లోడర్ ఎదురుచూస్తుంది, ఎక్కువైతే ట్రక్కులు ఎదురుచూస్తాయి. పై ఉదాహరణలో సరిగ్గా 1 వస్తుంది. గంటకు ఏడున్నర ట్రిప్పులు. ఎనిమిది గంటల షిఫ్టులో రాకపోకలు, తనిఖీలు, పేలుళ్ల విరామం పోను ఐదు గంటలు పని జరిగిందనుకుంటే 37 ట్రిప్పులు రావాలి.

కాగితం మీద జోడీ సరిగ్గా కుదిరిన ఈ గనిలో 30 ట్రిప్పులే వచ్చాయి. మిగతా ఏడూ ఎక్కడికి పోయాయి?

మూడు బస్సులు ఒకేసారి వచ్చినట్టు

సిటీ బస్సు కోసం నిలబడిన ప్రతి ఒక్కరికీ దీని జవాబు అనుభవంలో ఉంది. పది నిమిషాలకొకటి రావాల్సిన బస్సు అరగంటైనా రాదు. వస్తే మూడూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. బస్సుల సంఖ్య తగ్గలేదు, వాటి మధ్య ఎడం చెదిరిపోయింది.

గనిలోనూ అదే జరుగుతుంది. ఒకసారి బకెట్‌లో పట్టనంత పెద్ద బండరాయి అడ్డుపడుతుంది, ఒకసారి దారిలో నీళ్లు నిలుస్తాయి. ఎదురుగా నిండు ట్రక్కు వస్తుంటే ఖాళీ ట్రక్కు పక్కకు తప్పుకుని ఆగాలి. లోడర్‌ని పది నిమిషాలు వేరే పనికి పిలుస్తారు. సగటున నింపే సమయం 8 నిమిషాలే కావచ్చు, కానీ ఒకసారి 5, ఒకసారి 14. దాంతో రెండు ట్రక్కులు ఒకేసారి లోడర్ దగ్గర చేరతాయి, కాసేపటికి మూడూ దారి మీదే ఉంటాయి. మొదటి సందర్భంలో ట్రక్కు ఎదురుచూస్తుంది, రెండో సందర్భంలో లోడర్ ఎదురుచూస్తుంది. ఆపరేటర్, డ్రైవర్ ఇద్దరి మాటా నిజమవుతుంది. లోడర్ ఖాళీగా పోగొట్టుకున్న నిమిషాన్ని తర్వాత లైన్లో నిలబడిన ట్రక్కు తిరిగి ఇవ్వలేదు. సగటు లెక్కలో కనిపించనిది ఇదే.

ఇలాంటి వరుసల గణితానికి నూరేళ్లు దాటాయి. కోపెన్‌హేగన్ టెలిఫోన్ సంస్థలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో ఫోన్ కాల్స్ గురించి రాసిన పరిశోధనతో ఇది మొదలైంది. 1958లో ఎర్నెస్ట్ కోనిగ్స్‌బర్గ్ దీన్ని భూగర్భ బొగ్గు గనికి తెచ్చాడు. గనిలో ఒక పని ముఖం నుంచి ఇంకో ముఖానికి చుట్టూ తిరిగే యంత్రాలను ఒక వలయంలో తిరిగే వరుసగా చూశాడు. లోడర్ చుట్టూ తిరిగే ట్రక్కులూ అలాంటి వలయమే.

ఆ గణితాన్ని పై అంకెలకు అన్వయిస్తే, ఎక్కడా క్రమం లేకుండా సమయాలు బాగా చెదిరిపోయిన గనిలో మూడు ట్రక్కులు గంటకు 5.9 ట్రిప్పులే ఇస్తాయి. ఐదు గంటలకు దాదాపు 30. గడియారంలా నడిచే గనిలో గంటకు 7.5. ఏ నిజమైన గని అయినా ఈ రెండు అంచుల మధ్యే ఎక్కడో ఉంటుంది.

ఇప్పుడు నాలుగో ట్రక్కు తెద్దాం. గడియారంలా నడిచే గనిలో అది ఒక్క ట్రిప్పు కూడా కలపదు, ఎందుకంటే లోడర్‌కు ముందే ఖాళీ లేదు. చెదిరిపోయిన గనిలో గంటకు 6.8 వస్తాయి, అంటే సుమారు 0.9 ట్రిప్పు లాభం. అదే మూడు ట్రక్కులతో, చెదిరిన సమయాలను క్రమంలోకి తెస్తే దొరికే గరిష్ఠ లాభం 1.6 ట్రిప్పులు. అందులో సగానికి కాస్త ఎక్కువ సాధించినా నాలుగో ట్రక్కు అవసరం తీరిపోతుంది.

నాలుగో ట్రక్కు అసలు ధర

ఆ 0.9 ట్రిప్పు కోసం చెల్లించేది ఏమిటో చూడాలి. మొదటిది ఎదురుచూపు. చెదిరిపోయిన గనిలో మూడు ట్రక్కులున్నప్పుడు ఒక్కో చుట్టులో ఒక్కో ట్రక్కు సగటున 6 నిమిషాలు లైన్లో నిలబడుతుంది. నాలుగైతే 11 నిమిషాలు. కొత్త ట్రక్కు తన ఎదురుచూపుతో పాటు మిగతా మూడింటి ఎదురుచూపునూ పెంచుతుంది. ఇంజను ఆపకుండా నిలబడితే ఆ నిమిషాలన్నీ డీజిల్ పొగే.

రెండోది దారి. చిన్న గనిలో వాలుదారి ఒకే ట్రక్కు పట్టేంత వెడల్పు ఉండి, అక్కడక్కడా తప్పుకునే జాగాలు ఉంటాయి. మూడు ట్రక్కులుంటే ఎదురుపడే జతలు మూడు. నాలుగైతే ఆరు. ట్రక్కులు మూడో వంతు పెరిగితే ఎదురుపడే అవకాశాలు రెట్టింపయ్యాయి. ఉపరితల గనుల కోసం రాసిన సూత్రంలో ఈ సంగతి లేదు. అక్కడ దారి వెడల్పుగా ఉంటుంది కాబట్టి దాని అవసరం అంతగా రాలేదు. ఆ సూత్రాన్ని యథాతథంగా భూమి లోపలికి తెస్తే వచ్చే చిక్కు ఇది.

మూడోది అన్నింటికన్నా ముఖ్యమైనది, గాలి. భూగర్భంలో డీజిల్ ఇంజను నడవాలంటే దాని పొగను పలచన చేసి బయటికి పంపే గాలిని ఫ్యాన్లు అందించాలి. ప్రపంచంలో చాలాచోట్ల ఇంజను శక్తిలో ఒక్కో కిలోవాట్‌కు సెకనుకు 0.05 నుంచి 0.06 ఘనపు మీటర్ల గాలి ఉండాలన్న ప్రమాణాన్ని వాడతారు. 20 టన్నుల ట్రక్కు ఇంజను 220 కిలోవాట్లనుకుంటే దానికొక్కదానికే సెకనుకు 13 ఘనపు మీటర్లు కావాలి. పది అడుగుల గదిలోని గాలినంతా రెండు సెకన్లకోసారి మార్చడంతో సమానం అది.

ఇక్కడ భౌతికశాస్త్రం ఇంకో మెలిక పెడుతుంది. ఉన్న సొరంగాల గుండా ఎక్కువ గాలి పంపాలంటే ఫ్యాన్‌కు కావలసిన శక్తి గాలి పరిమాణానికి ఘనంగా పెరుగుతుంది. మూడు ట్రక్కులు, ఒక లోడర్ కలిపి సుమారు 800 కిలోవాట్లు. నాలుగో ట్రక్కుతో 1,020. గాలి 27 శాతం పెరగాలి, ఫ్యాన్ శక్తి మాత్రం రెట్టింపు కావాలి. ఆ ఫ్యాన్లు రోజంతా తిరుగుతూనే ఉంటాయి. కరెంటు బిల్లుకు భయపడి గాలి పెంచకుండా ట్రక్కు మాత్రమే పెంచితే, ఆ తేడాను భరించేది డ్రైవర్లూ కార్మికులే.

అది చిన్న భారం కాదు. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అందుకు ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి గనుల నుంచే వచ్చింది. అమెరికాలోని ఎనిమిది లోహేతర గనుల్లో పనిచేసిన 12,315 మంది మీద జరిగిన అధ్యయనంలో, డీజిల్ పొగకు ఎక్కువగా గురైనవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల ముప్పు పెరిగినట్టు తేలింది. కాబట్టి అనవసరమైన ఒక ట్రక్కును గనిలోకి దించడం ఖర్చుకు సంబంధించిన పొరపాటు మాత్రమే కాదు.

కొనకుండా చేయగలిగినవి

మొదటి పని కొలవడం. ప్రతి ట్రక్కు లోడర్ దగ్గరికి ఎప్పుడు వచ్చింది, నింపడం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, పైన ఎప్పుడు పోసింది అనే నాలుగు సమయాలు ఒక వారం పాటు రాస్తే చాలు. సగటుతో పాటు ఒక ట్రిప్పుకూ ఇంకో ట్రిప్పుకూ తేడా ఎంత ఉందో చూడాలి. ఆ తేడాకు కారణాలు మూడు నాలుగు కన్నా ఎక్కువ ఉండకపోవచ్చు. పెద్ద బండలే ప్రధాన కారణమని తేలితే మందు అక్కడ ట్రక్కు కాదు, పేలుడు రంధ్రాల అమరికను సరిచూడడం.

రెండోది బకెట్‌కూ ట్రక్కుకూ పొత్తు కుదర్చడం. 20 టన్నుల ట్రక్కుకు 7 టన్నుల బకెట్ మూడుసార్లకు సరిపోతుంది. దానికి బదులు "పెద్దది కదా" అని 10 టన్నుల లోడర్ తెస్తే, బకెట్ నిజంగా 8.5 టన్నులే నిండుతుందనుకుంటే, రెండుసార్లకు 17 టన్నులు. మిగతా 3 టన్నుల కోసం మూడోసారి వెళ్లాలి, లేదా ట్రక్కు ప్రతిసారీ ఏడో వంతు ఖాళీతో పైకెక్కాలి. పెద్ద లోడర్‌కు పెద్ద సొరంగం కావాలి, ఎక్కువ గాలి కావాలి. సన్నని ఖనిజపు పొరలో సొరంగం వెడల్పు చేయడమంటే పనికిరాని రాయిని కూడా తవ్వి మోయడమే.

మూడోది లోడర్ ఖాళీ నిమిషాలను దాచుకోవడం. ట్రక్కు లేనప్పుడు లోడర్ ఊరికే నిలబడకుండా, దూరంగా ఉన్న రాయిని లోడింగ్ స్థలం పక్కన కుప్పగా పోసుకోవచ్చు. ట్రక్కుకు కావలసిన మూడు బకెట్లలో ఒక్కటి ఆ కుప్ప నుంచి తీసినా నింపే సమయం 8 నుంచి 7 నిమిషాలకు తగ్గుతుంది. చెదిరిపోయిన గనిలో కూడా గంటకు 5.9 ట్రిప్పులు 6.4 అవుతాయి. పైసా పెట్టకుండా అర ట్రిప్పు, అంటే నాలుగో ట్రక్కు ఇచ్చేదాంట్లో సగానికి పైనే. ఇంతకు మించి కుప్ప పోయడానికి లోడర్‌కు ఖాళీ చాలదు, కాబట్టి ఇది అద్భుతమేమీ కాదు. కానీ ముందు చేయాల్సిన పని.

నాలుగోది దారి. నిండు ట్రక్కు బరువు దాదాపు 40 టన్నులు. ఏడుకు ఒకటి వాలులో దాన్ని వెనక్కి లాగే బలం బరువులో సుమారు 14 శాతం. చదునైన గట్టి దారి మీద చక్రాల నిరోధం ఇంకో 3 శాతం. నీళ్లు నిలిచి, రాళ్లు చెదిరి, గుంతలు పడితే ఆ 3 కాస్తా 6 అవుతుంది. ఇంజను శక్తి అంతే ఉంటుంది కాబట్టి వేగం తగ్గుతుంది. 9 నిమిషాల ఎక్కుడు పదిన్నర దాటుతుంది. దారి పక్క కాలువ శుభ్రం చేసి, గుంతలు పూడ్చే ఇద్దరు మనుషుల పని ప్రతి ట్రిప్పుకూ ఒకటిన్నర నిమిషం మిగులుస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు ముందు కోత పడేది ఇలాంటి పనికే కావడం విచారకరం.

లోతుతో మారే లెక్క

ఇదంతా చదివి "నాలుగో ట్రక్కు ఎప్పటికీ వద్దు" అనుకుంటే అదీ పొరపాటే. గని లోతుకు వెళ్లే కొద్దీ జోడీ మారుతుంది. పై ఉదాహరణలో 25 మీటర్ల కిందికి కొత్త లెవెల్ తెరిస్తే దారి 175 మీటర్లు పెరుగుతుంది. ఎక్కడానికి, దిగడానికి కలిపి రెండు నిమిషాల పైచిలుకు ఎక్కువ పడుతుంది. నాలుగు లెవెళ్లు దిగేసరికి చుట్టు సమయం 8 నిమిషాలు పెరుగుతుంది. ఆ 8 నిమిషాలు ఒక ట్రక్కును నింపే సమయానికి సమానం. అంటే అప్పుడు నాలుగో ట్రక్కు నిజంగానే కావాలి. అది ఎప్పుడు కావాలో ఏళ్ల ముందే తెలుస్తుంది కాబట్టి ఫ్యాన్లు, గాలి మార్గాలు, తప్పుకునే జాగాలు ఆ లోపు సిద్ధం చేసుకోవచ్చు. గని తెరిచిన రోజు వేసిన లెక్కను పదేళ్లు అలాగే వాడడం, తక్కువ ట్రిప్పులు వచ్చిన షిఫ్టు మర్నాడే ట్రక్కుకు ఆర్డర్ పెట్టడం, రెండూ కొలవకపోవడం వల్ల వచ్చే జబ్బులే.

బ్యాటరీ ట్రక్కులు వస్తే ఈ బాధ ఉండదని కొందరు అంటారు. పొగ బాధ తగ్గుతుంది, అది మంచి మార్పే. కానీ వరుస పోదు. లోడర్ దగ్గర నిలబడే ట్రక్కు ఛార్జర్ దగ్గర కూడా నిలబడుతుంది. ఖరీదైన యంత్రాలు వచ్చినప్పుడు జోడీ లెక్క మరింత అవసరమవుతుంది.

గడియారం ఎవరి చేతిలో

ఇందులో ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. పనిచోట గడియారం కనబడితే కార్మికులు అనుమానిస్తారు. అందుకు చరిత్రలో కారణాలున్నాయి. అమెరికా ఉక్కు కర్మాగారంలో ఫ్రెడరిక్ టేలర్ కార్మికుల పారల మీద చేసిన ప్రయోగాల నాటి నుంచి, సమయం కొలవడమంటే మనిషిని పరుగులు పెట్టించడమేనన్న భయం ఉంది. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. ఇక్కడ కొలవాల్సింది మనిషి వేగాన్ని కాదు, రెండు పనుల మధ్య పోతున్న ఎదురుచూపును. నమోదు చేసే కాగితంలో డ్రైవర్ పేరు అవసరం లేదు, ట్రక్కు నంబరు చాలు. ఫలితాలు మొదట షిఫ్టులో పనిచేసేవారికే చూపించాలి. ట్రక్కు ఏ మలుపు దగ్గర ఆగుతోందో, ఏ గుంత దగ్గర గేరు తగ్గించాలో వాళ్లకు తెలిసినంత ఆఫీసుకు తెలియదు. తక్కువ ట్రిప్పులకు మనుషులను తిట్టే అలవాటు పోవాలంటే కూడా ఈ కొలతే దారి. లోడర్ ఆపరేటర్ చెప్పిందీ, డ్రైవర్ చెప్పిందీ ఒకేసారి ఎలా నిజమయ్యాయో ఆ కాగితమే చూపిస్తుంది.

పెద్ద గనులకు ట్రక్కుల కదలికలను క్షణక్షణం చూపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చిన్న గని అంత ఖర్చు పెట్టనక్కర్లేదు. ధన్‌బాద్‌లోనూ కొత్తగూడెంలోనూ మైనింగ్ ఇంజనీరింగ్ చదివే విద్యార్థులు ఉన్నారు. ఒక చిన్న గనిలో వారం పాటు సమయాలు రాసి, వరుసల లెక్క కట్టి, సూచనలు ఇవ్వడం వాళ్లకు మంచి ప్రాజెక్టు అవుతుంది, గనికి ఉచిత సలహా అవుతుంది. మైనింగ్ ప్లాన్‌లలో యంత్రాల వివరాలు ఎలాగూ రాస్తారు. ట్రక్కుల సంఖ్య పక్కనే కొలిచిన చుట్టు సమయం, దాని హెచ్చుతగ్గులు, ఆ సంఖ్యకు సరిపడే గాలి లెక్క కూడా ఉండాలని కోరడం నియంత్రణ సంస్థలకు పెద్ద పని కాదు.

ఇరవై టన్నుల రాయిని 170 మీటర్లు పైకి ఎత్తడానికి భౌతికశాస్త్రం ప్రకారం కావలసిన శక్తి 9 యూనిట్ల కరెంటు కన్నా కాస్త ఎక్కువ. ఒక లీటరు డీజిల్‌లో దాదాపు అంత శక్తి ఉంటుంది. ట్రక్కు తన బరువును కూడా మోస్తూ, ఇంజను వేడిగా పోగొట్టుకునేది పోను, అదే పనికి ఏడెనిమిది లీటర్లు తాగుతుంది. అందులో కొంత తప్పదు, యంత్రాల స్వభావం అది. లైన్లో నిలబడి తగలబెట్టే డీజిల్ మాత్రం తప్పించుకోగలిగినదే. కొత్త గనులకు ఇంకా యంత్రాలు రాలేదు, ఆర్డర్లు ఇంకా రాసుకోవాల్సి ఉంది. ఆ కాగితం మీద ట్రక్కుల సంఖ్య రాసే ముందు ఒక వారం కిందికి దిగి కొలిస్తే, రాబోయే పదేళ్లపాటు లోపల గాలి పీల్చేవారికి అది మేలు చేస్తుంది.